సంచి తీసితివా?

చెట్టును చూచువారు కొమ్మలను చూతురు, పూతను చూతురు, నీడను చూతురు. వేరును చూచువారు అరుదు. అది మంటిలో దాగియుండుటయే అందుకు కారణము. దాగియున్నదానిని మనము సులభముగా మరచిపోవుదుము. ఒక్కొక్కప్పుడు దానిని గూర్చి సులభముగా అబద్ధమును కూడ ఆడుదుము. మేము చిన్ననాట ఒక మొక్క విషయమున అట్టి అబద్ధమొకటి ఆడితిమి. అది ఇరువదినాలుగేండ్లు మంటిక్రింద నణగియుండి, ఒక తుపానునాడు వెలికి వచ్చినది. గుడ్డసంచులలో మొక్కలను పెంచుట, వానికి నీరు పోయుట, వానిని తీసి నేలలో నాటుట మేమెట్లు నేర్చుకొంటిమో ఈ వ్యాసమున చెప్పదలచితిమి. ఆ కథ ఆ అబద్ధముతోనే మొదలగును గనుక ముందుగా దానిని చెప్పుట న్యాయము.

1990వ సంవత్సరము, జూలై నెల. మేమప్పుడు ఈ పాఠశాలలోనే ఎనిమిదవ తరగతి చదువుచుంటిమి. మొక్కలు నాటు దినమని మా తరగతివారిలో ఎనమండుగురకు తలకొక వేపమొక్కను ఇచ్చిరి. అవి నల్లని పాలిథీను సంచులలో పెరిగిన మొక్కలు. గోతులు ముందే త్రవ్వియుండెను. పెద్దలు కుర్చీలలో కూర్చుండిరి. ఛాయాచిత్రము తీయు నతడు తొందరపెట్టుచుండెను. వాన చినుకులు పడుచుండెను. మన తోటమాలి తాత ఒక్కొక్క గోతికడకు వచ్చి, “బాబూ, సంచి తీసితివా?” అని అడుగుచుండెను. మా సంచి మంటికి కరచుకొనియుండెను; లాగిన రాలేదు. గోటితో అడుగుభాగమును కొంచెము చించి, మొక్కను గోతిలో నిలిపి, మన్ను కప్పివేసితిమి. తాత వచ్చి అడిగెను. “తీసితిని, తాతా” అంటిమి. అతడు మా ముఖము వైపు చూచి, మరి మాటాడక ప్రక్క గోతికి పోయెను.

ఆ మొక్క చావలేదు. అదియే చిత్రము. చచ్చియున్నచో మా తప్పు ఆ యేడే తెలిసియుండును. అది పెరిగెను, కొమ్మలు వేసెను, గోడను మించెను. మేము చదువు ముగించి వెళ్లి, 2003వ సంవత్సరమున ఉపాధ్యాయులమై ఇచ్చటికే తిరిగి వచ్చునప్పటికి, దాని నీడలో పిల్లలు మధ్యాహ్నమున క్యారేజీలు విప్పుకొని భోజనము చేయుచుండిరి. “ఇది మేము నాటిన చెట్టు” అని ఎందరితో చెప్పితిమో లెక్కలేదు. సంచి సంగతి మాత్రము ఎవరితోను చెప్పలేదు. కొంతకాలమునకు మేమే దానిని మరచితిమి.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ ఆదివారమునాడు హుద్‌హుద్ తుపాను మన విశాఖపట్టణము కడ తీరము దాటినది. గాలి గంటకు 170 మొదలు 180 కిలోమీటర్ల వేగముతో వీచినది. ఆ దినమును చూచినవారికి దానిని వర్ణింపనక్కరలేదు. చూడనివారికి వర్ణించినను నమ్మిక కలుగదు. మూడవనాడు మేము పాఠశాలకు వచ్చి చూడగా ఆ వేప ప్రహరీగోడమీద పడియుండెను. ఆదివారమగుటచేత క్రింద పిల్లలెవరును లేరు. ఆ మాట తలచుకొన్నప్పుడెల్ల మాకు నేటికిని ఒళ్లు జలదరించును.

చెట్టు విరిగి పడలేదు. వేరుతో సహా ఊడి పడినది. వేరు వెళ్లినచోట పెద్ద గొయ్యి ఉండవలసినది. ఉన్నది చిన్న గుంట. కాండము క్రింద జానెడు వెడల్పున వేళ్లన్నియు ఒకదానినొకటి పెనవేసికొని, మోకు చుట్టవలె చుట్టుకొనియుండెను. ఆ చుట్ట సరిగా సంచియంత ఉండెను. దాని నుండి నాలుగు వైపులకు పోయిన వేళ్లు రెండు మూడు మాత్రమే. ఆ చుట్టలో, రెండు వేళ్ల సందున, నల్లని పేలిక యొకటి అంటుకొనియుండెను. లాగి చూచితిమి. అది పాలిథీను ముక్క.

గాలికి నేరము లేదని మేమనము. ఆనాడు చక్కగా వేరు తన్నిన చెట్లును వేలకొలది కూలినవి. సంచి తీసియున్నచో మా చెట్టు నిలిచియుండునని ఎవరును ప్రమాణము చేయలేరు. కాని ఆ పేలికను చేత పట్టుకొని నిలుచున్న మాకు మాత్రము తాత గొంతు వినబడినది. తాత అప్పటికి కాలము చేసి చాలయేండ్లయినది. క్షమాపణ చెప్పుకొనుటకు మనిషి లేడు. మరల మొక్కలు నాటుట యొక్కటే మిగిలినది; ఈ మారైనను సరిగా నాటవలెను.

వేరు ఎందుకు చుట్టుకొనునో ముందు తెలిసికొంటిమి. వేరుకొన ఎల్లప్పుడును ముందుకు పోజూచును. నునుపైన ప్లాస్టిక్ గోడ అడ్డము వచ్చినచో అది ఆగదు. గోడ వెంబడి తిరుగును. ఒక చుట్టు, రెండు చుట్లు, పది చుట్లు. సంచిలోనుండి తీసి నాటినను, చుట్టుకొని గట్టిపడిన వేరు మరల చక్కబడదు. చెట్టు లావైన కొలది ఆ వేరును లావై, ఉచ్చువలె కాండము మొదటినే బిగించును.

దీనికి ప్రతిక్రియ గాలిలోనే ఉన్నది. అమెరికాలో కార్ల్ విట్‌కంబ్ అను ఉద్యానశాస్త్రజ్ఞుడు అడుగులేని పాల అట్టపెట్టెలలో మొక్కలను పెంచి చూచెను. క్రిందికి దిగిన తల్లివేరు పెట్టె అడుగున గాలి తగిలినంతనే కొన యెండి ఆగిపోయెను. కొన ఆగినంతనే దాని వెనుకనుండి పిల్లవేళ్లు అనేకములు పుట్టెను. కత్తెర లేకుండ గాలియే వేరును కత్తిరించినదన్న మాట. గుడ్డసంచి చేయు పనియు ఇదియే. అడుగుననే గాక అన్ని వైపులను గుడ్డగుండ గాలి సోకును. వేరు గుడ్డను చేరును, అచట తేమ తగ్గి కొన మాడును, లోపలనుండి క్రొత్త వేళ్లు బయలుదేరును. చుట్టుకొను వేరునకు బదులుగా నలువైపులకు సూటిగా చూచు వేళ్ల కుచ్చు ఏర్పడును.

2015వ సంవత్సరము జూలై నెలలో తోటపని పిల్లలతో కలిసి పని ప్రారంభించితిమి. నలువది సంచులు తీసికొంటిమి. ముప్పది మాత్రము పాలీప్రొపిలీను అను ప్లాస్టిక్ పోగులను నేయక, ఒత్తి, కంబళివలె చేసిన దళసరి గుడ్డ సంచులు. మిగిలిన పది మేము కుట్టించిన గోనెసంచులు. ఒక్కొక్కటి తొమ్మిది అంగుళముల వెడల్పు, తొమ్మిది అంగుళముల ఎత్తు. సుమారు తొమ్మిది లీటర్ల మన్ను పట్టును. ఎర్రమన్ను ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపితిమి. వేపపండ్లు రాలు కాలమది. పండ్ల నేరి, గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి, వారము లోపలనే నాటితిమి. వేపగింజకు మొలకెత్తు శక్తి నిలువయుంచిన కొలది త్వరగా తగ్గిపోవును గనుక ఆలస్యము పనికిరాదు. నలువదింట ముప్పదినాలుగు మొలచినవి.

గోనెసంచుల కథ త్వరగా ముగిసినది. గోనెకు గాలి చక్కగా ఆడును గాని తడియారని గోనె చివుకును. జనవరి నాటికి వాని అడుగులు పెళపెళ ఊడినవి. ఆ మొక్కలను జాగ్రత్తగా దళసరి సంచులలోనికి మార్చితిమి. మూడు నాలుగు నెలలలో తీసి నాటు కూరమొక్కలకు గోనె చాలును. సంవత్సరముండవలసిన చెట్టుమొక్కకు చాలదు.

ఇక నీటి సంగతి. నీరు పోయుట కంటె సులభమైన పని లేదని మేమందరమును తలచితిమి. ప్రతిదినమును ఒక్కొక్క సంచికి ఒక చెంబెడు నీరు పోయుచుంటిమి. సంచి ప్రక్కలు తడిసి నీరు కారుచుండెను. తడిసినదని సంతోషించితిమి. కాని ఆకులు వాడుచుండెను. ఒకనాడు ఒక బాలుడు నీరు పోసిన వెంటనే మంటిలో వ్రేలు గుచ్చి, “మాస్టారూ, లోపల దుమ్మే ఉన్నది” అని చెప్పెను. త్రవ్వి చూడగా నిజమే. మూడంగుళముల క్రింద మన్ను పొడిపొడిగా నుండెను.

కారణమిది. ఎరువును పొట్టును ఎక్కువగా గల మన్ను ఒకసారి బాగుగా ఎండెనా, ముడుచుకొని సంచి ప్రక్కను వదలి సందు చేయును. పైగా నీటిని వెంటనే పీల్చుకొనదు. ఒక్కసారిగా పోసిన నీరు ఆ సందున దిగి, గుడ్డ గుండ బయటికి పోవును. కుండీయైనచో నీరు అడుగున కొంతసేపైనను నిలుచును. గుడ్డ దానిని నిలువనీయదు. కావున పోయువాడు తొందరపడరాదు. పావు చెంబు పోసి, మిగిలిన సంచులకు అట్లే పోసికొనుచు వెళ్లి, మొదటిదానికడకు మరల వచ్చి ఇంకొక పావు పోయవలెను. మొదటి నీరు మంటిని మెత్తపరచును. రెండవ నీరు లోపలికి దిగును. మూడవ నీరు అడుగును చేరును. ఆ దినము మొదలు మా పిల్లలు నలువది సంచులను నాలుగుమార్లు చుట్టివచ్చుచుండిరి. నీరు అంతే, ఫలము వేరు.

ఎప్పుడు పోయవలెనన్న ప్రశ్నకు గడియారము సమాధానము చెప్పదు. వేసవిలో ఇంటింట కూజాలోని నీరు ఎట్లు చల్లబడును? మంటి రంధ్రముల గుండ తడి ఆవిరియై పోవుటచేత గదా! గుడ్డసంచియు అట్టిదే. దాని ప్రక్కలన్నియు ఆవిరి విడుచుచుండును. అందుచేత వేళ్లు చల్లగా నుండును. అందుచేతనే మన్ను త్వరగా ఎండును. ఆ మేలును ఈ కష్టమును విడదీయుటకు వీలులేదు. శీతకాలమున వారమునకు రెండు మూడు మార్లు చాలినది. మార్చి నెలలో దినమున కొకమారు కావలసినది. మే నెలలో ఉదయము ఒకమారు, సాయంకాలము ఒకమారు పోసినను చాలదేమోయని భయమే. వ్రేలి రెండవ కణుపువరకు మంటిలో గుచ్చి చూచుట ఒక పరీక్ష. సంచిని కొంచెమెత్తి బరువు చూచుట అంతకంటె మంచి పరీక్ష. నీరు త్రాగిన సంచి బరువు చేతికొకసారి తెలిసినచో, ఎండిన సంచిని చేయి వెంటనే గుర్తుపట్టును. మిట్టమధ్యాహ్నమున ఆకు వాడినంతనే నీరు పోయరాదు. ఎండవేడికి తడిమంటిలోని మొక్కయు తల వాల్చును. సాయంకాలమున చూచి, అప్పటికిని తేరుకొననిచో పోయవలెను.

సంచులను విడివిడిగా గాక ఒకదాని ప్రక్కన ఒకటి చేర్చి పెట్టితిమి. ఒకదాని నీడ ఒకదానికి తగులుటచేత లోపలివి నిదానముగా ఎండినవి. కొన్నాళ్లకు గుడ్డమీద తెల్లని పొర కట్టినది. బోరునీటిలోని లవణములు, ఆవిరియైన చోట మిగిలిపోయినవి. వాననీరు పట్టియుంచి, నెలకొకమారు అడుగునుండి ధారాళముగా కారువరకు పోయుటచేత ఆ లవణము కొంత కడుగబడినది.

2016వ సంవత్సరము వేసవి సెలవులు వచ్చినవి. మొక్కలకు సెలవులు లేవు. దగ్గర వీధులలోని పిల్లలు వంతులు వేసికొనిరి. మేమును ఒక వంతు తీసికొంటిమి. మే నెల మూడవ వారమున నాలుగు దినములు మావి. రెండవ దినమున బంధువుల ఇంట పని యొకటి వచ్చినది. సంచుల క్రింద పళ్ళెములు పెట్టి నిండ నీరు పోసి, “క్రిందినుండి త్రాగుచుండును, మూడు దినములకు భయము లేదు” అని మాకు మేమే చెప్పుకొని ఊరికి పోయితిమి. అడుగునుండి నీరు పట్టుట మంచి పద్ధతియే. పళ్ళెములో నీరు పెట్టి, సంచి పీల్చినంత పీల్చనిచ్చి, గంట తరువాత మిగిలినదానిని పారబోసినచో మన్ను సమముగా తడియును. కాని అది గంటసేపటి పద్ధతి. మూడు దినముల పద్ధతి కాదు. మే నెల ఎండకు ఆ పళ్ళెములు మరునాటికే ఎండిపోయినవి. ఎండకపోయినను కీడే, నిలిచిన నీటిలో అడుగు వేరు కుళ్లును, దోమయు గ్రుడ్లు పెట్టును.

మేము తిరిగి వచ్చునప్పటికి తొమ్మిది మొక్కలు మాడియుండెను. ఇరువదియైదు బ్రదికియుండెను. వానిని బ్రదికించినది మేము కాము. ఏడవ తరగతి చదువు బాలిక యొకతె, తన వంతు కాకపోయినను, దారిన పోవుచు తొంగిచూచి, ఆకులు వ్రేలాడుట చూచి లోనికి వచ్చినది. నీటితొట్టిలో సంచులను ఒక్కొక్కటిగా ముంచి, బుడగలు వచ్చుట ఆగువరకు పట్టుకొని, తీసి, నీడలో వరుసగా పెట్టియుండెను. సాయంకాలము వరకు ఆమెకు ఆ పనియే సరిపోయినదట. ఎవరు నేర్పిరని అడిగితిమి. “ఎవరును నేర్పలేదు మాస్టారూ. పైనుండి పోసిన నీరు ప్రక్కలనుండి పోవుచున్నది. అందుచేత ముంచితిని” అనెను. బుడగలు మన్ను విడుచు గాలియనియు, అవి ఆగుట మన్ను నిండినదనుటకు గురుతనియు ఆ పిల్ల తనంతట తాను కనిపెట్టినది. అంతగా ఎండిన సంచికి ఇంతకంటె మంచి చికిత్స మాకు నేటికిని తెలియదు.

జూన్ నెలలో బడి తెరచిన తరువాత పిల్లలు ఎండిన సంచులను చూచి, ఎవరి వంతున ఇట్లైనదని ఒకరినొకరు అడుగుకొనుచుండిరి. ఒక బాలునిమీద అనుమానము పడినది కూడ. ఊరకుండుట మాకు సులభమే. కాని నల్లని పేలిక మా సొరుగులో నుండెను. అందరిని పిలిచి, “ఆ నాలుగు దినములు మా వంతు. మేము నీరు పోయక ఊరికి పోయితిమి. ఈ తొమ్మిది మొక్కలు మావలన చచ్చినవి” అని చెప్పితిమి. పిల్లలు ఏమియు అనలేదు. అనుమానింపబడిన బాలుడు మాత్రము తలయెత్తి చూచెను. 1990వ సంవత్సరముననే చెప్పవలసిన మాట యొకటి మా గొంతునుండి అప్పటికి సగము దిగినట్లు తోచినది.

ఆరుద్ర కార్తె వానలు పడి నేల నానిన తరువాత, జూలై మొదటి వారమున మొక్కలను నాటితిమి. ఆరు మన ఆవరణములో. మిగిలినవి పిల్లలు తమ వీధులకును గ్రామములకును తీసికొనిపోయి నాటుటకు. మబ్బు పట్టిన సాయంకాలమును ఎంచుకొంటిమి. ముందునాడే సంచులకు బాగుగా నీరు పోసియుంచితిమి. తడిసిన మంటిముద్ద విడిపోదు, పొడిమన్ను జలజల రాలి వేళ్లను తెంపును. అయితే అప్పుడే పోసిన నీటితో బురదగా నున్నను ముద్ద నిలువదు. ఒక రాత్రి గడువనిచ్చుట మంచిది.

ఇక్కడ మా తప్పు మరియొకటి బయటపడినది. చాల సంచులను ఇటుకలమీద నిలిపియుంచితిమి గాని, చోటు చాలక అయిదింటిని వట్టి నేలమీద పెట్టితిమి. ఎత్తబోగా ఆ అయిదును రాలేదు. వేళ్లు గుడ్డను తొలుచుకొని నేలలోనికి దిగియుండెను. గాలి తగిలిన చోట వేరు ఆగును. తడిమన్ను తగిలిన చోట ఏల ఆగును? బొరిగతో చుట్టును త్రవ్వి, దిగిన వేళ్లను పదునైన కత్తితో కోసి ఎత్తితిమి. ఆ మొక్కలు నెలదినములు వాడి తేరుకొన్నవి, ఒకటి చనిపోయినది. సంచిక్రింద గాలి ఆడునట్లు ఇటుకలో కఱ్ఱలో ఉంచుట మరువరాదు.

సంచి తీయుట ఓర్పుతో కూడిన పని. మొక్కను మొదలు పట్టి లాగరాదు. లాగినచో సన్నవేళ్లు గుడ్డలోనే మిగులును. గుడ్డ కంబళివలె నుండుటచేత మూలకేశములు దానిలోనికి చొచ్చుకొనియుండును. చొక్కా చేయిని మడిచినట్లు సంచి అంచును మెల్లగా క్రిందికి మడవవలెను. రాకున్నచో ఎదురెదురుగా రెండు ప్రక్కల నిలువునా కోసి, తొక్క ఒలిచినట్లు తీయవలెను. సంచి పోవునని విచారింపరాదు. మొక్కకంటె సంచి ఎక్కువ కాదు. ఇది ప్లాస్టిక్ గుడ్డ, మంటిలో చివుకదు. దానితోనే పాతిపెట్టినచో మరియొక పాలిథీను సంచి కథయే యగును.

గొయ్యి లోతు మంటిముద్ద ఎత్తునకు సరిగా నుండవలెను. వెడల్పు దానికి రెండు మూడింతలుండవచ్చును. లోతుగా త్రవ్వి వదులుమన్ను నింపినచో, అది తరువాత అణగి మొక్క క్రుంగును. కాండము మొదలు మంటిలో కూరుకొని కుళ్లును. సంచిలో మన్ను ఎంతవరకుండెనో నేలలోను అంతవరకే ఉండవలెను. మన్ను నింపి, చేతితో అదిమి, వెంటనే నీరు పోయవలెను. గాలికి పెరికివేయబడకుండ ఇరువైపుల కఱ్ఱలు పాతి, మెత్తని గుడ్డతో వదులుగా కట్టవలెను. బిగించి కట్టిన మొక్క గాలికి ఊగదు. ఊగని కాండము బలియదు.

వానకాలము గదా, ఇక నీరెందుకని పిల్లలడిగిరి. పాదు చుట్టును నేల తడిగా నుండెను. కాని చేయి పెట్టి చూడగా వేళ్లున్న ముద్ద పొడిగా నుండెను. సంచిలోని తేలికమన్ను ఒక విధము, నేలలోని జిగటమన్ను ఒక విధము. ఒకదాని తడి ఒకదానిలోనికి త్వరగా పోదు. వేళ్లు బయటి మంటిలోనికి చేరువరకు ఆ ముద్ద ఇంకను సంచిలో నున్నట్లే. కావున వాన లేని దినములలో నీటిని పాదు అంచున గాక మొదటికడనే, ముద్దమీదనే పోయించితిమి. మూడు నాలుగు వారముల తరువాత క్రమముగా వెలుపలికి జరిపితిమి. నీరు జరిగిన దిక్కునకే వేరును జరుగును. ఎండుటాకులను పాదులో పరచితిమి; కాండమునకు మాత్రము తగులనీయలేదు.

పాత వేప కూలిన గుంటకు పదియడుగుల దూరమున ఒక మొక్కను నాటవలసియుండెను. దానిని ఎవరు నాటవలెనని మేము ఆలోచింప నక్కరలేకపోయినది. తొట్టిలో ముంచిన బాలికయే నాటవలెనని పిల్లలందరు అనిరి. ఆమె గోతిలో మొక్కను నిలిపి మన్ను కప్పుచుండగా మేము దగ్గరకు పోయితిమి. మా నోటినుండి తాత మాటయే వచ్చినది: “అమ్మా, సంచి తీసితివా?”

ఆమె మాట చెప్పలేదు. నడుమునకు దోపుకొనిన ఖాళీ సంచిని తీసి, లోపలిభాగము పైకి వచ్చునట్లు తిరుగవేసి చూపినది. దానికి నాలుగు సన్నని వేళ్లు అంటియుండెను. “ఇవి మాత్రము వచ్చినవి మాస్టారూ. మిగిలినవన్నియు లోపలనే ఉన్నవి” అనెను. మేము వంగి చూచితిమి. ఇంకను మన్ను కప్పని వైపున వేళ్లు నాలుగు దిక్కులకు సూటిగా నిలిచియుండెను. ఒక్కటియైనను చుట్టుకొనలేదు.

ఆ చెట్టు ఇప్పుడు మొదటి అంతస్తు కిటికీలను దాటినది. గాలివానకు నిలుచునో నిలువదో మేము చెప్పము. మా చేతిలో నున్నది సంచి తీయుట, నీరు పోయుట మాత్రమే. కోయవలసిరాని సంచులను కడిగి, ఎండబెట్టి, దాచితిమి; ప్రతి జూలైలోను వానిలో క్రొత్త గింజలు పడుచున్నవి. మొక్కలు నాటు దినమున, గోతులకడకు పోవుటకు ముందు, మేము సొరుగు తెరచి ఆ నల్లని పేలికను తీసికొనిపోయి పిల్లల చేతుల కిచ్చుచుందుము. అది ఒకరినుండి ఒకరికి పోయి వరుస చివరివరకు తిరిగి మరల మాకడకు వచ్చును. ఏమని చెప్పవలెనో ఇప్పుడు మాకు తెలియును గనుక ఆ కథ చెప్పుట కష్టముగా లేదు.